పాముకాటు విధివ్రాత కాదు, పనిప్రమాదము

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములందలి కర్మాగారములలో ప్రమాదమన్నంతనే మనకు జ్ఞప్తికి వచ్చునవి అగ్ని, విషవాయువు, ప్రేలుడు. 2025వ సంవత్సరము జూన్ 30వ తేదీన పాశమైలారమునందలి యొక ఔషధ కర్మాగారములో సంభవించిన ప్రేలుడు నలువదిమందికి పైగా శ్రామికులను బలిగొని దేశమునెల్ల కలచివైచినది. అట్టి మహాప్రమాదముల పిమ్మట విచారణలు జరుగును; సంఘములు నియమింపబడును; పత్రికలు వ్రాయును. కాని యా ప్రాంతముననే ప్రహరీగోడ వెంట గడ్డికోయు కూలివాని పాదమునో, రాత్రి కావలిగాయువాని చేతినో, నేలపై పరుండిన వలస శ్రామికుని వ్రేలినో పాము కాటువేసినపుడు విచారణ యుండదు, సంఘము నుండదు. ఒక్క మాట మాత్రము వినబడును: “వాని ఆయువు తీరినది.” ఈ మాట ఎంతవరకు సత్యమో మనము విచారింపవలసియున్నది.

పనిచేయు తావున కలిగిన పాముకాటు విధివ్రాత కాదనియు, అది యంత్రమున చేయి నలుగుటవంటిదే యగు పనిప్రమాదమనియు మా యభిప్రాయము. యంత్రమునకు కంచె వేయుట యజమాని ధర్మమైనట్లే, పాము దాగుటకు వీలులేకుండ ఆవరణను తీర్చుటయు అతని ధర్మమే. నివారణమునకు వలయు సాధనములు అల్పవ్యయముతో లభించునవి. చికిత్సకు వలయు మందు మన దేశమున తయారగుచున్నది. ఇట్టి స్థితిలో ఒక శ్రామికుడు పాముకాటుచే మరణించినచో దోషమును దైవముపై త్రోసివేయుట ఎవరికిని తగదు.

ముందుగా ఈ యాపద పరిమాణమును గుర్తింపవలెను. 2000వ సంవత్సరము మొదలు 2019వరకు జరిగిన మరణములను పరిశీలించి 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన అంచనా ననుసరించి, ఆ ఇరువది సంవత్సరములలో భారతదేశమున పాముకాటువలన మరణించినవారు సుమారు 12 లక్షలమంది. అనగా సగటున ఏటికి 58,000 మంది. ఈ మరణములలో దాదాపు సగము జూన్ మొదలు సెప్టెంబరువరకు గల వర్షకాలమునందే సంభవించినవి. ఎక్కువభాగము గ్రామములలోనివే. మరణములలో సుమారు నూటికి డెబ్బదిపాళ్లు ఎనిమిది రాష్ట్రములకు చెందినవి కాగా, తెలంగాణముతో కూడిన నాటి ఆంధ్రప్రదేశము అందొకటి. యుద్ధములేని దేశమున ఏటేట ఒక చిన్న పట్టణపు జనసంఖ్య అంతరించుచుండగా మనము దానిని వార్తగానైన గ్రహింపకుండుట ఆశ్చర్యము.

పాముకాటు రైతుల బాధయే గాని కర్మాగారముల బాధ కాదని కొంద రనవచ్చును. అట్లనువారు ఈ ప్రాంతపు చరిత్రను ఒకమారు తలచుకొనవలెను. 1960వ దశకమున రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము నెలకొనినది. 1972లో పటాన్‌చెరువున అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థ యగు ఇక్రిశాట్ స్థాపింపబడినది. పిమ్మట పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము, జిన్నారము, గడ్డపోతారము, బొంతపల్లి, ఖాజీపల్లి గ్రామముల భూములలో ఒకదానివెంట నొకటిగా పారిశ్రామికవాడలు వెలసినవి. ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము, కందిలో హైదరాబాదు ఐ.ఐ.టి. వచ్చినవి. ఇవన్నియు జొన్నచేలు, కందిచేలు, చెరువు శిఖములు, రాతిగుట్టలు, తుమ్మపొదలు గల నేలలు. ఆ నేలపై పుట్టలుండెను, పుట్టలలో పాములుండెను. కాబట్టి పాము కర్మాగారములోనికి వచ్చినదనుట సరికాదు. కర్మాగారమే పాముండు చోటికి వచ్చినది.

వచ్చిన కర్మాగారము పాములను వెడలగొట్టినదా యన్నచో, వాటికి మునుపటికంటె సుఖమైన నివాసమును కల్పించినదనియే చెప్పవలెను. కట్టడములు లేక విడువబడిన స్థలములలో వయ్యారిభామ మొక్కలు నడుమెత్తు పెరుగును. ప్రహరీకడ పాత పీపాలు, విరిగిన చెక్కపలకలు, త్రుప్పుపట్టిన గొట్టములు ఏండ్లతరబడి గుట్టలుగా పడియుండును. మూతలేని కాలువలలో కప్పలు చేరును. భోజనశాల వెనుక పారవైచిన అన్నమునకు ఎలుకలు చేరును. కప్పయు ఎలుకయు ఉన్నచోట పాముండుట ప్రకృతిధర్మము. వేసవిలో చల్లని కేబుల్ కాలువలు, చలికాలమున వెచ్చని మోటారుగదులు, వానకాలమున నీరెక్కని మెరకప్రదేశములు దానికి ఆశ్రయములు. ఇన్ని సదుపాయములు చేసిపెట్టి, పాము కనబడినపుడు మాత్రము కఱ్ఱలకొఱకు పరుగెత్తుట వివేకమనిపించుకొనదు.

మన తెలుగువారికి పాములను గూర్చిన జ్ఞానము క్రొత్తది కాదు. 1780వ దశకమున విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు ఈ తీరమునందలి పాములను సేకరించి, స్థానికులు వాటికి పెట్టిన తెలుగు పేళ్లను వ్రాసికొని, 1796లో ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. నేడు ప్రపంచమంతయు రస్సెల్ పేరుతో పిలుచు పింజరను మనవారు ఆతనికి కాటుకరేకులపొడ యని చెప్పిరి. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులుంచిన బంగారస్ అను పేరు మన బంగారు అను మాటనుండి పుట్టినదే. ప్రపంచశాస్త్రమునకు పేరు నిచ్చిన భాష మనది. అయినను ఆ పామును చూచి గుర్తింపగలవారు నేటి కర్మాగారములలో వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియైనను ఉన్నారో లేరో! పాతజ్ఞానము పోయినది; క్రొత్తజ్ఞానము రాలేదు. ఈ రెంటి నడుమ ప్రాణములు పోవుచున్నవి.

ప్రాణాపాయము కలిగించునవిగా ముఖ్యముగా నెఱుగవలసిన పాములు నాలుగు. మొదటిది నాగుపాము. ఎలుకల వెంట గోదాములలోనికి, గుమాస్తాల గదులలోనికి సైతము వచ్చును. పడగయెత్తి హెచ్చరించును గనుక మనుష్యుడు వెనుకకు తగ్గుట కవకాశ మిచ్చును. రెండవది కట్లపాము. నల్లని మెఱుగుగల ఒడలిపై తెల్లని సన్నని కట్లుండును. పగలు దాగి రాత్రి సంచరించును. దీని కాటు చీమకుట్టినంత నొప్పియైనను కలిగింపకపోవచ్చును, వాపు నుండకపోవచ్చును. అందుచేత నిద్రలో కాటుపడినవాడు కడుపునొప్పి యని లేచి, రెప్పలు వాలి, మాట తడబడి, తుదకు శ్వాస నిలిచి మరణించును. మూడవది రక్తపింజర. బలిసిన దేహముతో, వీపున గొలుసువలె వరుసగా నున్న మచ్చలతో, ఎండుగడ్డిలో కదలక పడియుండి, సమీపించినపుడు బిగ్గరగా బుసకొట్టును. దాని విషము రక్తము గడ్డకట్టకుండ చేసి మూత్రపిండములను పాడుచేయును. నాలుగవది మూరెడైన లేని చిన్నపింజర. రాళ్లక్రింద, ఇటుకలనడుమ నుండి, పొలుసులను ఒండొంటితో ఒఱసి ఱంపపుచప్పుడు చేయును. చిన్నదని దీనిని చులకన చేయరాదు.

వీటికంటె తఱచుగా కనబడునవి విషములేని జెఱ్ఱిపోతు, నీరుకట్టె మున్నగునవి. జెఱ్ఱిపోతు ఎలుకలను తిని కర్మాగారమునకు ఉపకారమే చేయును. ఏ పామైనను చంపవలసినదే యను తొందరలో దానిని వెంబడించి కొట్టుట మనవారి యలవాటు. పామును చంపబోయియు, పట్టబోయియు కాటుపడువా రున్నారని మరువరాదు. పైగా 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము పాములకు రక్షణ నిచ్చుచున్నది. పాము కనబడినపుడు చేయవలసిన పని యొక్కటే: దూరముగా నిలిచి, అది పోవు దిక్కును కనిపెట్టుచు, శిక్షణపొందినవారిని పిలిపించుట. హైదరాబాదునందలి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవంటి సంస్థలు చిరకాలముగా ఈ సేవ చేయుచున్నవి. ప్రతి కర్మాగారము అట్టివారి సంగతి ముందే తెలిసికొని కాపలాగదిలో వ్రాసి యుంచుకొనవలెను.

ఇక కాటుపడువా రెవరు? యంత్రశాలలో బూట్లు తొడిగి, దీపకాంతిలో పనిచేయు స్థిరోద్యోగికి ఈ భయము తక్కువ. శాల వెలుపల తిరుగువానికే భయమెక్కువ. గడ్డికోయు స్త్రీలు, తోటమాలులు, కాలువలు శుభ్రముచేయువారు, బరువులు దింపువారు, క్రొత్తకట్టడములకు ఇటుకలు మోయువారు, రాత్రి ప్రహరీచుట్టు తిరుగు కావలివారు—వీరిలో పెక్కుమంది కాంట్రాక్టరు మనుష్యులు. వారి పేళ్లు యజమాని పుస్తకములలో నుండవు. వారికి బూట్లిచ్చు బాధ్యత కాంట్రాక్టరుదని యజమానియు, యజమానిదని కాంట్రాక్టరును చెప్పుకొందురు. ఈ వాదము ముగియులోపల కూలివాడు చెప్పులతో గడ్డిలోనికి దిగుచునే యుండును. ప్రమాదమున కెక్కువగా లోనగువానికే రక్షణ తక్కువగా నుండుట ఈ పారిశ్రామికవాడల ముఖ్యదోషము.

మఱియొక వర్గమువారున్నారు. ఒడిశా, బీహారు, ఝార్ఖండు మున్నగు రాష్ట్రములనుండి వచ్చిన శ్రామికులు ఇస్నాపురము, పాశమైలారము పరిసరములందలి యిరుకు గదులలో పలువురు కలిసి నివసింతురు. పండ్రెండుగంటల పనిచేసి వచ్చినవాడు నేలపై చాప పఱచుకొని, తలుపుక్రింది సందును చూడక నిద్రపోవును. కట్లపామున కింతకంటె తగిన అవకాశము వేరొకటి లేదు. మంచమును, చుట్టును క్రిందికి దోపిన దోమతెరయు ఉన్నచో ఈ మరణములలో పెక్కింటిని తప్పింపవచ్చును. శ్రామికునకు తావు చూపునది కాంట్రాక్టరే యగునప్పుడు, ఆ తావున నతని నిద్రకు రక్షణ కల్పించుటయు వానివంతే. ఇక్కడ తెలుగున మాత్రమే వ్రాసిన హెచ్చరికపలక చాలదు. ఒడియాలోను హిందీలోను వ్రాయవలెను. చదువురానివారికొఱకు బొమ్మలు వేయవలెను.

నివారణోపాయములు సామాన్యమైనవి. ప్రహరీకి లోపలను వెలుపలను గడ్డిని కుఱుచగా కోయించుట; పనికిరాని సామానును గుట్టలుగా నుంచక అమ్మివేయుట; పనికివచ్చు సామానును గోడకు ఎడముగా, నేలనుండి యెత్తుగా పేర్చుట; తలుపులక్రింది సందులను, గొట్టములు గోడను దాటుచోటి రంధ్రములను మూయుట; కేబుల్ కాలువలకు మూతలు, మురుగుకాలువల చివర సన్నని జాలీలు వేయుట; ఎంగిలిని ఏనాటి కానాడు తొలగించుట; మోటారుగదులకు, మరుగుదొడ్లకు పోవు దారిలో దీపము లుంచుట. బయట తిరుగువారికి మోకాలివరకు వచ్చు రబ్బరుబూట్లు, దళసరి చేతితొడుగులు, టార్చి, పొడవైన కఱ్ఱ ఈయవలెను. చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో కదలించి చూడుట, బూటు తొడుగుకొనుటకు ముందు బోర్లించి విదిలించుట అలవాటు కావలెను. వానకాలమునకు ముందు, మే నెలలోనే, ఆవరణనంతయు ఒకమారు పరీక్షించి ఈ లోపములను సరిచేయవలెను. ఒక యంత్రము నిలిచిపోయినచో ఒక దినమున కలుగు నష్టముతో పోల్చిన ఈ ఖర్చు ఏపాటిది?

వీనిని విడిచి, కొందఱు గోడలచుట్టు ఫినాయిలు పోయుదురు. కార్బాలిక్ ఆమ్లము చల్లుదురు. గంధకపుపొడి గీతలు గీయుదురు. ఇవి పాములను నిలుపునని నమ్ముటకు ఆధారము లేదు. కార్బాలిక్ ఆమ్లము చర్మమునకు హానికరము కూడను. తప్పుడు ధైర్యమును కలిగించు ఉపాయము ఉపాయము లేకుండుటకంటె అపాయకరము; గీత గీసితిమి గదా యని గడ్డికోత మానివేయుదురు.

ఈ సందర్భమున ఒక వింతను యజమానుల దృష్టికి తేవలసియున్నది. ఈ ప్రాంతమున ఔషధములు తయారుచేయు కర్మాగారములు అనేకములు. వాని మందులు సముద్రములు దాటి పోవుచున్నవి. పరదేశపు తనిఖీదారులు వచ్చి చూతురని, మందు తయారగు శాలలోనికి ఎలుకగాని పురుగుగాని ప్రవేశింపకుండ ప్రతి రంధ్రమును మూయుదురు. ఏ మూల ఏ బోను పెట్టిరో పటములు గీసి, దినదినము పుస్తకములలో వ్రాయుదురు. మంచిదే. ఆ విద్య వారికి బాగుగా తెలియునని దీనివలన స్పష్టమగుచున్నది. ఆ శాలకు నూరుగజముల దూరమున కావలివాని గది తలుపుక్రింద నాలుగువ్రేళ్ల సందుండును. దానిని చూచువారు లేరు. మందుగోళీకి గల రక్షణ మనుష్యునకు లేకపోవుటకు కారణము జ్ఞానలోపము కాదు, ధనలోపము కాదు, అడుగువారు లేకపోవుటయే. పరదేశీయుని తనిఖీకి వెఱచి చేయు పనిని స్వదేశీయుని ప్రాణముకొఱకు చేయలేమా?

కాటు సంభవించినపుడు చేయవలసిన పనులను ప్రతి శ్రామికుడు కంఠస్థము చేయవలెను. కాటుపడినవానిని ధైర్యపఱచి, నడువనీయక, పరుగెత్తనీయక, పరుండబెట్టవలెను. ఉంగరములు, గడియారము, కడియములు, బూట్లు వాపు రాకముందే తీసివేయవలెను. కాటుపడిన చేతిని గాని కాలిని గాని విఱిగిన యెముకకు వలె బద్దకట్టి కదలకుండ చేసి వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను. త్రాటితో బిగించి కట్టరాదు. దానివలన అవయవమే కుళ్లిపోవచ్చును. కత్తితో గాటు పెట్టరాదు, నోటితో పీల్చరాదు, మంచుగడ్డ పెట్టరాదు, పసరులు పూయరాదు. పామును చంపి వెంట తీసికొనిపోవలసిన పనిలేదు. లక్షణములనుబట్టియే వైద్యుడు చికిత్స చేయగలడు. కాటుపడిన వేళను, రెప్పలు వాలుట, చిగుళ్లనుండి రక్తము వచ్చుట మొదలగు లక్షణములు కనబడిన వేళను గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను.

మంత్రగాండ్రను గూర్చి ఒక మాట. వారిచే బ్రతికినవారున్నారని జనులు సాక్ష్యము చెప్పుదురు. ఆ సాక్ష్యము అబద్ధము కాకపోవచ్చును. కాని కారణము వేరు. కఱచిన పాములలో విషములేనివే యెక్కువ. విషముగలది కఱచినను ఒక్కొక్కప్పుడు విషమును వదలదు. అట్టివాడు మంత్రము లేకున్నను బ్రతుకును. నిజముగ విషమెక్కినవానికి మంత్రము చేయునది ఒక్కటే—కాలమును హరించుట. మంత్రములకు చింతకాయలు రాలవని సామెత చెప్పిన జాతి, ప్రాణములు మాత్రము మంత్రములకు నిలుచునని నమ్ముట విచారకరము.

విషమునకు విరుగుడు విషహర సీరము. 1890వ దశకమున ఫ్రాన్సు దేశీయుడగు ఆల్బర్ట్ కాల్మెట్ దీనిని కనుగొనెను. పాము విషమును అల్పమాత్రలలో గుఱ్ఱములకు క్రమక్రమముగా ఎక్కించి, వాటి రక్తమున పుట్టిన ప్రతివిషమును శుద్ధిచేసి మందుగా చేయుదురు. మన దేశమున ఇందులకు వలయు విషమును చిరకాలముగా సమకూర్చుచున్నది 1978లో చెన్నపట్టణ సమీపమున ఏర్పడిన ఇరుళవారి సహకారసంఘము. తరతరములుగా పాములుపట్టి జీవించిన యొక నిరుపేద వన్యజాతి, తన విద్యతో దేశమునకు ప్రాణదానము చేయుచున్నదన్నమాట. పై నాలుగు పాముల విషమునకును ఒకే సీరము పనిచేయును. దానిని తయారుచేయు కర్మాగారము మన తెలంగాణములోను కలదు. మందుకొఱకు మన మెవరిని యాచింపవలసిన పని లేదు.

అయితే సీరమును కర్మాగారపు ప్రథమచికిత్సగదిలో నుంచుకొని ఎవరికి తోచినట్లు వారు ఎక్కింపరాదు. అది గుఱ్ఱపు రక్తమునుండి వచ్చినది గనుక కొందఱి శరీరము దానిని సహింపక ప్రాణాపాయస్థితి కలుగవచ్చును. అందులకు వలయు ఎడ్రినలిన్ మందుతో వైద్యుడు ప్రక్కన నుండవలెను. కాటుపడినవాని రక్తమును శుభ్రమైన గాజుగొట్టములో ఇరువది నిమిషములు కదలింపక యుంచి, గడ్డకట్టినదో లేదో చూచి పింజరకాటును గుర్తింతురు. కట్లపాము, నాగుపాము కాటులలో శ్వాస నిలుపుటకు వెంటిలేటరు యంత్రము, పింజరకాటులో మూత్రపిండములు చెడినచో డయాలిసిస్ యంత్రము కావలసివచ్చును. కాబట్టి దగ్గరి ఆసుపత్రి ఏది యని మాత్రమే కాక, సీరమును, వైద్యుడును, యంత్రములును ఏ వేళనైన నుండు ఆసుపత్రి ఏది యని ముందుగా విచారించి యుంచుకొనవలెను. పటాన్‌చెరు ప్రాంతీయ వైద్యశాల, రామచంద్రాపురపు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, సంగారెడ్డి ప్రభుత్వవైద్యశాల ఈ ప్రాంతమునకు సమీపములు. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదుననే పుట్టిన 108 అంబులెన్సుసేవ మనకు కలదు. రాత్రిషిఫ్టులో వాహనమెక్కడ, తాళము లెవరికడ, గేటు తెఱచుట కెవరి యనుమతి కావలెను అని తడవుకొనునంతలో ప్రాణము పోవును. ఈ ప్రశ్నలకు సమాధానము పగలే సిద్ధము చేసికొనుటకే నిర్వాహకత్వమని పేరు.

శాసనము ఏమనుచున్నది? స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటియేడే, 1948లో, మన దేశము ఫ్యాక్టరీల చట్టమును చేసికొని 150 మంది శ్రామికులకు ఒక ప్రథమచికిత్స పెట్టెయు, 500 మందికి మించినచోట చికిత్సాగదియు ఉండవలెనని విధించెను. 2020లో చేయబడిన వృత్తిభద్రతా, ఆరోగ్య, పని పరిస్థితుల కోడు 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చి దాని స్థానము నాక్రమించినది. 1923నాటి నష్టపరిహారపు చట్టమునుండి నేటి సామాజికభద్రతా కోడువరకు ఒక సూత్రము మారలేదు: పనిలో నుండగా, పనివలన కలిగిన ప్రమాదమునకు పరిహార మీయవలెను. గడ్డికోయుమని పంపబడినవానిని ఆ గడ్డిలోని పాము కఱచినచో అది పనివలన కలిగినది కాక మఱేమి? ఇనుము తగులుటకును కోఱ తగులుటకును భేదము లేదు. కాని ఆచరణలో పాము చావకుండ, కఱ్ఱ విఱుగకుండ వ్యవహారము నడపుచున్నారు. శాసనమున్నది, పుస్తకములో పాముకాటన్న మాట లేదు.

పుస్తకమున కెక్కని బాధ బాధగా లెక్కకు రాదని ఈ ప్రాంతప్రజలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. నక్కవాగు నీరు కర్మాగారముల విసర్జనములతో చెడి పైరులు మాడిపోయినపుడు, మొదట వారి మొఱ నాలకించినవారు లేరు. 1990లో సుప్రీముకోర్టున వ్యాజ్యము నడచి, గ్రామములవారీగా నష్టము లెక్కకు వచ్చిన పిమ్మటనే రైతులకు పరిహారమన్న మాట పుట్టినది. ఆ నీటివిషమునకు వర్తించిన న్యాయమే ఈ కోఱవిషమునకును వర్తించును. మొదట లెక్క; పిదప బాధ్యత; ఆ పిదపనే రక్షణ.

ప్రపంచారోగ్యసంస్థ 2017లో పాముకాటును ఉపేక్షింపబడిన వ్యాధులలో చేర్చి, 2030నాటికి మరణములను సగమునకు తగ్గింపవలెనని 2019లో సంకల్పించినది. మన కేంద్రప్రభుత్వము 2024 మార్చిలో ఇదే లక్ష్యముతో జాతీయ కార్యప్రణాళికను ప్రకటించి, అదే సంవత్సరము నవంబరులో పాముకాటును తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా నిర్ణయింపుడని రాష్ట్రములకు వ్రాసినది. మన జహీరాబాదు పొలిమేర దాటగానే వచ్చు కర్ణాటకము అంతకుముందే 2024లో ఆ పని చేసినది. ఆసుపత్రులు లెక్కవ్రాయుట మంచిదే. కాని కాటు ఎక్కడ, ఏ పనిలో జరిగినదో వ్రాయనిచో కర్మాగారముల బాధ్యత తేలదు. కాబట్టి ప్రతి కర్మాగారమున పాముకాటులకే కాక, పాము కనబడిన ప్రతిసారికిని ఒక పుస్తక ముండవలెను. ఏ నెలలో, ఏ మూల, ఏ వేళ పాము కనబడుచున్నదో ఒక సంవత్సరము వ్రాసిన, మఱుసటియేడు దీపమెక్కడ పెట్టవలెనో, గోడ ఎక్కడ పూడ్చవలెనో ఆ పుస్తకమే చెప్పును.

ఇందు ఎవరి కర్తవ్యము వారికి గలదు. యజమానులు తమ గేటులోపల అడుగిడిన ప్రతివానికిని, వాడు ఎవరి మనిషియైనను, బూట్లును దీపమును ఈయవలెను. ఒక్కొక్క కర్మాగారమునకు వేఱువేఱుగ సాధ్యముకాని శిక్షణను, వాహనమును వాడయంతయు కలిసి ఏర్పాటు చేసికొనవలెను. విడిచిపెట్టిన స్థలములలోని పొదలను తొలగించు పనిని పారిశ్రామికవాడల నిర్వాహకులు వానకాలమునకు ముందే ముగింపవలెను. తనిఖీ అధికారులు యంత్రశాలతో తృప్తిపడక ప్రహరీవెంట నడచి చూడవలెను. కార్మికసంఘములు జీతభత్యములతోపాటు కాంట్రాక్టు కూలివాని కాలిబూటును గూర్చియు అడుగవలెను. వైద్యులు ఏటికొకమారైన కర్మాగారములకు వచ్చి కూలివానికి తెలియు భాషలో చెప్పవలెను.

ఏటేట నాగులచవితినాడు మనవారు పుట్టకడకు పోయి, ఇల్లు చల్లగా నుండవలెనని మ్రొక్కుకొని వత్తురు. పామును పగవానిగా గాక పొరుగువానిగా చూచిన సంప్రదాయము మనది, దానిని నిలుపుకొందము. పొరుగువానితో హద్దు నెఱిగి మెలగుట యెట్లో నేర్చుకొందము. పాము నడవి తఱుమలేము, వర్షమును ఆపలేము. కాని గడ్డి కోయగలము, సందు మూయగలము, బూటు తొడుగగలము, గంటలోపల ఆసుపత్రికి చేర్పగలము. చేయగలిగిన యీ పనులు చేయక, పోయిన ప్రాణమునకు విధిని నిందించుట స్వతంత్రజాతికి తగిన మాట కాదు. స్వరాజ్యమున అందఱికంటె తక్కువ కూలి పొందువాని ప్రాణమునకును అందఱి ప్రాణములకు గల విలువయే యుండవలెను. రానున్న వానకాలము మొదలుకొని పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామికులు ఈ విలువను ఆచరణలో చూపి, తెలుగునాటికెల్ల మార్గదర్శకు లగుదురు గాక!